తమ్ముణ్ణి సింగిల్ సెల్‌లో పెట్టించాలా?

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి 27 ఏళ్లు. ఆరేళ్ల కిందట బైపోలార్ (హద్దు దాటిన ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే మానసిక జబ్బు) అన్నారు. అప్పట్నుంచి లిథియం, రాత్రిపూట ఇంకో మాత్ర వాడుతున్నాడు. పోయిన నెల మాకు చెప్పకుండా మందులు మానేశాడు. వరసగా కొన్ని రాత్రులు నిద్ర లేదు. ఒకరోజు అర్ధరాత్రి బస్తీలో నిలబడి అరుస్తుంటే పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన కానిస్టేబుల్‌ను తోసేశాడు. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద దాడి అని బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 132 పెట్టి రిమాండ్‌కు పంపారు. ఇంతకుముందు వాడి మీద ఏ కేసూ లేదు. ములాఖత్‌కు వెళ్తే, "అక్కా, ఇక్కడ అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారు" అన్నాడు. పెద్ద బ్యారక్‌లో వేశారట. తోటివాళ్లు మెంటల్ అని ఏడిపిస్తున్నారట. మందు ఇస్తున్నారా అంటే ఒకసారి అవునంటాడు, ఒకసారి కాదంటాడు. ఎలాగైనా వాడికో సింగిల్ రూము ఇప్పించమని అమ్మ నా ప్రాణం తీస్తోంది. లాయరు గారేమో, "జబ్బు సంగతి కోర్టులో ఎత్తకండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపితే ఇక బయటికి రాడు, రేపు పెళ్లి కూడా కాదు" అంటున్నారు. మేం ఏం చేయాలి?
– ఒక అక్క, బోరబండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోంచి జైలు పేరు, లాయరు గారి పేరు తీసేసి వేశాను. ముందే తేల్చి చెప్పేస్తాను. సింగిల్ రూము అడగకండి, జబ్బు దాచకండి. ఎందుకో కింద రాస్తాను. అంతకంటే ముందు ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది.

ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ తీయండి. ఓపీ పుస్తకం, ఎప్పుడైనా అడ్మిట్ చేసి ఉంటే డిశ్చార్జ్ కాగితం, చివరిసారి చేయించిన లిథియం రక్తపరీక్ష రిపోర్టు, ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులు, ఏది దొరికితే అది. మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. పాతవి పోయి ఉంటే చూపించిన ఆసుపత్రిలో అడగండి. తన రికార్డులు తీసుకునే హక్కు రోగికి ఉందని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వకాలత్ మీద సంతకం కోసం లాయరు వెళ్లినప్పుడు, రికార్డులు మా అక్కకు ఇవ్వండని తమ్ముడి చేత నాలుగు ముక్కలు రాయించుకొస్తే ఆసుపత్రిలో పని తేలికవుతుంది.

కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీనీ డాక్టరు పరీక్షించాలని 1894 జైళ్ల చట్టంలోనే ఉంది. పరీక్షిస్తారు కూడా. అయితే అది ఎలా జరుగుతుందంటే, సాయంత్రం కోర్టుల నుంచి వ్యాన్ నిండా మనుషులు దిగుతారు. ఒంటి మీద దెబ్బలుంటే రాసుకుంటారు, పుట్టుమచ్చలు రాసుకుంటారు. బీపీ, షుగర్, దగ్గు చూస్తారు. "ఏమన్నా జబ్బులున్నాయా?" అని అడుగుతారు. మేనియా, అంటే ఈ జబ్బులో వచ్చే హద్దులేని ఉత్సాహం, నెత్తికెక్కి ఉన్న కుర్రాడు దానికి ఏం చెప్తాడు? "నాకేంటి సార్, ఫస్ట్ క్లాస్‌గా ఉన్నా" అంటాడు. తను బాగానే ఉన్నానని గట్టిగా నమ్మడం కూడా ఆ జబ్బు లక్షణమే. రిజిస్టర్‌లో ఆరోగ్యంగా ఉన్నట్టు పడిపోతుంది. ఆ రాత్రి ఏ బ్యారక్‌లో పడుకోవాలో కూడా దాన్ని బట్టే తేలిపోతుంది. డాక్టరును అని లాభం లేదు. మీ తమ్ముడి ఆరేళ్ల చరిత్ర ఆయన ముందు లేదు, మీ ఇంట్లో బీరువాలో ఉంది. దాన్ని అక్కడికి చేర్చడమే ఇప్పుడు మీ పని.

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. ఇలా రాస్తే చాలు:

"జైలు సూపరింటెండెంట్ గారికి, మెడికల్ ఆఫీసర్ గారికి. ఫలానా కేసులో రిమాండ్‌లో ఉన్న ఫలానా వ్యక్తి మా తమ్ముడు. ఆరేళ్లుగా బైపోలార్ జబ్బుకు వైద్యం జరుగుతోంది. వాడే మందులు, మోతాదులు ఇవి. ఫలానా తేదీ నుంచి మందులు మానేశాడు. గతంలో ఆత్మహత్యా ప్రయత్నం చేశాడు లేదా చేయలేదు. మద్యం, కల్లు, గంజాయి అలవాటు ఉంది లేదా లేదు. దయచేసి సైకియాట్రిస్టు చేత పరీక్ష చేయించి, మందులు మొదలుపెట్టించండి. అంతవరకు జైలు ఆసుపత్రి వార్డులో గానీ, రాత్రిపూట కూడా కాపలావాళ్ల కన్ను పడే చోట గానీ ఉంచండి."

ఇందులో ఆత్మహత్యా ప్రయత్నం సంగతి పరువు కోసం చాలామంది దాస్తారు. దయచేసి మీరు దాచకండి. జైల్లో అడుగుపెట్టిన మొదటి రోజులు, మొదటి వారాలు అన్నిటికన్నా ప్రమాదం. అంతకుముందు ఒకసారి ప్రయత్నించినవాడైతే ఇంకా ప్రమాదం. ఆ ఒక్క వాక్యంతో కాపలా తీరే మారిపోవచ్చు. ప్రాణం తీసుకోబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి కేసు పెడతారేమోనని భయపడక్కర్లేదు.

కల్లు గురించి ఎందుకు రాయమన్నానో ఊళ్లో వాళ్లకు చెప్పక్కర్లేదు. మన దగ్గర చాలాచోట్ల కల్లులో కల్లు తక్కువ, ఆల్ప్రజోలం, డయాజెపాం లాంటివి ఎక్కువ. రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలవుతాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడితే ఎర్రగడ్డ ఆసుపత్రికి అలాంటివాళ్లు బారులు తీరారు. జైలుకొచ్చిన ప్రతి కల్లు అలవాటు మనిషికీ అదే పరిస్థితి. దాన్ని పిచ్చి అనుకుంటే వైద్యం దారి తప్పుతుంది. నాటకం అనుకుంటే ప్రాణమే పోవచ్చు. మీ తమ్ముడికి ఆ అలవాటు లేకపోతే లేదని రాయండి. అది కూడా డాక్టరుకు పనికొచ్చే సమాచారమే.

అర్జీ ఇచ్చి ఊరికే వచ్చేయకండి. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అని అంటే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఒక కాపీ లాయరుకు, ఒకటి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. మాత్రల స్ట్రిప్పులు ములాఖత్‌లో తమ్ముడి చేతికి ఇవ్వాలని మాత్రం చూడకండి. లోనికి పోనివ్వరు, పైగా లేనిపోని అనుమానం. ఏ మందైనా మెడికల్ ఆఫీసర్ ద్వారానే వెళ్లాలి.

లిథియం కాబట్టి ఇంకాస్త వివరంగా చెప్పాలి. ఆ మందుకు రక్తంలో మోతాదు చూస్తూ ఉండాలి. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంచుతారు. ఒంట్లో నీరు తగ్గితే మోతాదు పెరిగి విషమవుతుంది. మన ఎండల్లో కిక్కిరిసిన బ్యారక్‌లో చెమటలు కారుతూ, నీళ్లు సరిగా తాగకుండా ఉంటే అది జరగడానికి ఎన్నో రోజులు పట్టదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. ఒళ్లు నొప్పులకు ఇచ్చే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కూడా లిథియం మోతాదును పెంచేస్తాయి. "ఇతను లిథియం వాడుతున్నాడు, నొప్పి మాత్రలు ఇచ్చేటప్పుడు చూడగలరు" అని అర్జీలో ఎర్ర సిరాతో రాసినా తప్పులేదు. ములాఖత్‌లో మీరు చూడాల్సింది కూడా ఇదే. చేతులు సన్నగా వణకడం మామూలే. గ్లాసు పట్టుకోలేనంత వణుకు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం, వాంతులు కనిపిస్తే అక్కడే డ్యూటీలో ఉన్న అధికారికి చెప్పండి. వచ్చే ములాఖత్ దాకా ఆగకండి.

ఇక గది సంగతి.

ఎవరిని ఎక్కడ ఉంచాలో 1894 చట్టం చెప్పింది. ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు. 21 ఏళ్ల లోపు కుర్రాళ్లు వేరు. శిక్ష పడ్డవాళ్లు, విచారణలో ఉన్నవాళ్లు వేరు. సివిల్ ఖైదీలు వేరు. ఈ జాబితాలో మనసు సంగతి లేదు. కొన్ని రాష్ట్రాల మాన్యువళ్లలో కులం పేరుతో విడదీసే నిబంధనలు మాత్రం ఉండేవి. వాటిని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టేసింది. మన వ్యవస్థకు ఏది ముందు గుర్తొచ్చిందో చూడండి! అయితే అదే 1894 చట్టంలో మీకు పనికొచ్చే సెక్షన్లు రెండున్నాయి. ఒంట్లో గానీ మనసులో గానీ బాగాలేనట్టు కనిపించే ఖైదీ గురించి దగ్గర్లో ఉన్న సిబ్బంది వెంటనే జైలర్‌కు చెప్పాలని 37వ సెక్షన్. అక్కడి పద్ధతుల వల్ల ఒక ఖైదీ మనసు దెబ్బతింటోందనిపిస్తే డాక్టరు సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా చెప్పాలని 14వ సెక్షన్. దొరల కాలం నాటి చట్టం. మీ అర్జీలో ఈ రెండు నంబర్లూ వేయండి. నంబర్ కనబడితే ఫైలుకు కాళ్లొస్తాయి.

అమ్మ సింగిల్ రూము ఎందుకడుగుతోందో అర్థమవుతోంది. పదిమందిలో ఎవడో కొడతాడని, ఏడిపిస్తారని ఆమె భయం. కానీ "అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారు" అనే అనుమానంలో ఉన్న మనిషిని నాలుగు గోడల మధ్య ఒక్కణ్ణే కూర్చోబెడితే, ఆ అనుమానాన్ని కాదనేవాడు ఒక్కడూ ఉండడు. నిద్రపోయాడా, అన్నం ముట్టాడా, మాత్ర మింగాడా ఉమ్మేశాడా చూసే కళ్లు ఉండవు. బ్యారక్‌లో అయితే పక్కవాడి చిరాకైనా పనికొస్తుంది. "సార్, వీడు రాత్రంతా పడుకోనివ్వట్లేదు" అని పొద్దున్నే వార్డర్‌కు ఫిర్యాదు చేసేది వాడే. మన జైళ్లలో అసహజ మరణాల్లో ఎక్కువ భాగం ఆత్మహత్యలేనని జాతీయ నేర గణాంకాల లెక్కలు ఏటేటా చెబుతూనే ఉన్నాయి. ఒంటరి సెల్ రక్షణ అనుకోవడం అందుకే పొరపాటు.

చట్టం కూడా మీ అమ్మ కోరికకు అడ్డంగానే ఉంది. మానసిక అనారోగ్యం ఉన్న మనిషిని ఏకాంతంలో బంధించకూడదని 2017 చట్టం 97వ సెక్షన్. జైలు అధికారులు తమంతట తాము ఏకాంత శిక్ష వేయలేరని సుప్రీంకోర్టు సునీల్ బాత్రా కేసులో 1978లోనే చెప్పింది. ఎవరి మీదైనా తిరగబడుతున్నాడనో, ఇతని మీదే ఎవరైనా చేయి చేసుకుంటున్నారనో కొన్నాళ్లు విడిగా ఉంచాల్సి వచ్చిందనుకోండి. అప్పుడు కూడా లోపల్నుంచి సిబ్బందిని ఎప్పుడంటే అప్పుడు పిలిచే వీలుండాలని, 24 గంటలు దాటితే రోజుకొకసారైనా వైద్య సిబ్బంది వచ్చి చూడాలని 1894 చట్టం 29వ సెక్షన్ అంటుంది. ఇప్పటికే విడిగా పెట్టేసి ఉంటే ఆ రెండూ జరుగుతున్నాయా అని అడగండి.

మరి ఏం అడగాలి? ముందు జైలు ఆసుపత్రి వార్డు. అక్కడ ఖాళీ లేదంటే, ఏడిపిస్తున్నవాళ్ల బ్యారక్ నుంచి మార్చి, వయసు మీదపడ్డవాళ్లు, నెమ్మదస్తులు ఉన్న బ్యారక్‌లో, కాపలాకు దగ్గరగా ఉన్న మూల పడుకునే చోటు ఇవ్వమనండి. రాత్రి మాత్ర సిబ్బంది ఎదురుగా మింగించమనండి. వారానికి ఒకసారైనా సైకియాట్రిస్టుకో కౌన్సిలర్‌కో చూపించమనండి. ఈ రోజుల్లో జైళ్లలో కౌన్సిలింగ్ అనేది వినని మాటేం కాదు. నా అనుభవంలో "మావాడిని ఏ గదిలో పెట్టారు" అని అడిగే కుటుంబాల కంటే "మావాడిని రోజూ ఎవరు చూస్తున్నారు, ఆ సార్ పేరేంటి" అని అడిగే కుటుంబాలకు జవాబు త్వరగా దొరుకుతుంది.

లాయరు గారి మాట పూర్తిగా కొట్టిపారేయను. ఆ భయానికి కారణముంది. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే ఆయన్ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో కోలుకున్నాడని డాక్టర్లు రాశారు. ఆ కాగితాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. 2005లో ఒక్క రూపాయి పూచీకత్తు మీద బయటికొచ్చాడు. 54 ఏళ్లు! అయితే ఆయన కథలో జబ్బు బయటపడటం కాదు కొంప ముంచింది. బయట నిలబడి తేదీలు లెక్కపెట్టి అడిగేవాళ్లు లేకపోవడం. మీ తమ్ముడికి మీరున్నారు.

కోర్టులో జబ్బు సంగతి చెప్పడమంటే మూడు వేర్వేరు సంగతులు. మీ లాయరు గారు వాటిని ఒకే మూటగా కట్టేసినట్టున్నారు. మొదటిది, ఇతనికి వైద్యం కావాలి అని చెప్పడం. దీనివల్ల కేసుకు నష్టం లేదు. పైగా జబ్బుతో ఉన్నవాడికి బెయిల్ ఇవ్వొచ్చని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ 480వ సెక్షన్‌లోనే ఉంది. రెండోది, ఇప్పుడు తన కేసు తాను నడిపించుకునే స్థితిలో లేడు అని చెప్పడం. ఇది అదే చట్టం 367, 368 సెక్షన్ల దారి. ఇందులో డాక్టర్ల పరీక్ష, కోర్టు విచారణ ఉంటాయి. అక్కడ కూడా ఆసుపత్రిలో ఉంచాల్సినంత జబ్బు కాకపోతే, దగ్గరి బంధువు "నేను క్రమం తప్పకుండా ఓపీలో చూపిస్తాను, తనకు గానీ ఇతరులకు గానీ హాని జరక్కుండా చూసుకుంటాను" అని పూచీ ఇస్తే, అది బెయిల్ ఇవ్వదగ్గ కేసైనా కాకపోయినా విడిచిపెట్టొచ్చని 369వ సెక్షన్. ఆ పూచీ ఇవ్వగలిగింది మీరే. మూడోది, ఆ పని చేసే సమయానికి తనేం చేస్తున్నాడో తెలిసే స్థితిలో లేడు కాబట్టి నేరమే కాదు అనే వాదన. అది విచారణలో రుజువు చేసుకోవాల్సింది, ఇప్పుడే ఎత్తాలా వద్దా అన్నది లాయరు నిర్ణయం. ఆయన్ను ఈ మూడింటిలో దేని గురించి వద్దంటున్నారో అడగండి. మొదటిదానికి కూడా వద్దంటే లాయరును మార్చడమే మంచిది.

సెక్షన్ 132కు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, మూడో వంతు, అంటే ఇక్కడ ఎనిమిది నెలలు, లోపలే గడిపితే బాండ్ మీద విడుదల చేయాలని బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్. అది ఆఖరి గడువు. బెయిల్ కోసం అంతదాకా ఆగే పనే లేదు. ఈ వారమే పిటిషన్ వేయించి దానికి మందుల చీటీలు జతచేయించండి. రిమాండ్ పొడిగించేటప్పుడు వీడియోలో చూపించినా సరే, "నిద్ర పడుతోందా, మందులిస్తున్నారా" అని తమ్ముణ్ణి మెజిస్ట్రేటే అడగాలని లాయరు చేత కోరించండి. ఎర్రగడ్డకు తీసుకెళ్లడానికి ఎస్కార్ట్ దొరకలేదని వాయిదా పడుతుంటే, ఫలానా తేదీలోగా చూపించాలని కోర్టు ఆర్డర్ తెచ్చుకోవడమే మందు.

ఎర్రగడ్డ అంటే మన ఊళ్లో తిట్టు కింద లెక్క. అక్కడ ఖైదీలకు విడిగా వార్డు ఉంది, రోజూ సైకియాట్రిస్టులు చూస్తారు. ఇప్పుడున్న స్థితిలో కొన్నాళ్లు అక్కడ ఉండాల్సి వస్తే అది మీ తమ్ముడికి జరిగే మేలే. పెళ్లి గురించి తర్వాత ఆలోచిద్దాం. మందులు వాడుకుంటూ సంసారాలు చేసుకుంటున్నవాళ్లు మీ బస్తీలోనే ఉండి ఉంటారు, చెప్పుకోరంతే.

ఇంకో సంగతి. ప్రతి జైలు మెడికల్ ఆఫీసరూ మూడు నెలలకోసారి "మా జైల్లో మానసిక రోగులు ఎవరూ లేరు" అని ధ్రువీకరిస్తూ మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు రిపోర్టు పంపాలని 2017 చట్టం 103వ సెక్షన్ అంటోంది. రాత ఇలా ఉంటే లేరని సంతకం పెట్టేయడమే తేలిక కదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది. అందుకే మీ అర్జీ మీద ముద్ర కోసం అంతగా పట్టుబట్టమన్నాను. తేదీతో సహా మీ కాగితం లోపల ఉండగా ఎవరూ లేరని రాయడానికి ఎవరికైనా చెయ్యి ఆగుతుంది. బోర్డు జైలుకొచ్చి, జబ్బున్న మనిషిని ఇంకా ఇక్కడే ఎందుకుంచారని అడగొచ్చు కూడా. మీ తమ్ముడు కాస్త కుదుటపడ్డాక, వైద్యం విషయాల్లో నా తరఫున మా అక్క మాట్లాడుతుంది అని మామూలు తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టిస్తే, మీరు ఆ చట్టం ప్రకారం అతని నామినేటెడ్ ప్రతినిధి అవుతారు. స్టాంపు పేపరు, నోటరీ ఏమీ అక్కర్లేదు.

ములాఖత్‌లో తమ్ముడితో కేసు గురించి ఎక్కువ మాట్లాడకండి. "ఎవరూ నీ గురించి మాట్లాడుకోవట్లేదు రా" అని వాదించకండి, వినడు. "నిద్ర లేకపోతే అలాగే అనిపిస్తుంది, మాత్ర వేసుకో, నేను మళ్లీ వస్తా" అనండి. మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పి ఆ రోజు తప్పకుండా వెళ్లండి. అమ్మ టెన్షన్ తట్టుకోలేకపోతే, మీకే తట్టుకోవడం కష్టమైతే, 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

బెయిల్ వచ్చిన రోజు ఒక్కటి మర్చిపోకండి. విడుదల తరచు సాయంత్రం పొద్దుపోయాకే ఉంటుంది. ఆ హడావుడిలో మందుల ఊసే ఎవరికీ గుర్తుండదు. లోపల ఏ మందులు, ఎంత మోతాదులో ఇచ్చారో రాసిన చీటీ గేటు దగ్గరే అడిగి తీసుకోండి. ఆ రాత్రికీ మరో వారానికీ సరిపడా మాత్రలు ముందే కొని ఇంట్లో ఉంచండి. మర్నాడు పొద్దున్నే ఓపీకి తీసుకెళ్లి లిథియం రక్తపరీక్ష చేయించండి. ఆరోజు మీరు ఆఫీసుకు సెలవు పెట్టక తప్పదు.